కొబ్బరిచెట్టంత టీ చెట్టు

నేను గోదావరి జిల్లాలో కాఫీ ఇంట్లో పుట్టినదాన్ని. మా పుట్టింట్లో టీ అంటే రైలు ప్రయాణంలో వేరే గతి లేక తాగేది, లేదంటే జలుబు చేసినవాళ్లకి అల్లం దంచి వేసి ఇచ్చేది. వచ్చిన చుట్టం ఎవరైనా "కాఫీ వద్దండీ, టీ ఉంటే ఇవ్వండి" అన్నారంటే మా అమ్మ ఆ మనిషి ఆరోగ్యం గురించి కంగారు పడేది. అలాంటి దాన్ని తొంభైల మొదట్లో పెళ్లి చేసుకుని విశాఖపట్నం వచ్చి, గోపాలపట్నంలో ఒక టీ ఇంట్లో పడ్డాను.

మా అత్తవారిది శ్రీకాకుళం వైపు పల్లె, వ్యవసాయం. మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం. మామగారు ఉన్న రోజుల్లోనే గోపాలపట్నంలో చిన్న ఇల్లు కట్టి, పైన ఒక వాటా అద్దెకి వేశారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన లేరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్యగారు, అంతే.

కాపురానికి వచ్చిన మర్నాడు మా ఆయనకి ఏ షిఫ్టు, అంటే తెల్లవారుజాము డ్యూటీ. ప్లాంటు బస్సు జంక్షన్‌కి పొద్దున్నే వచ్చేస్తుందని నేను కళ్లు నులుముకుంటూ వంటింట్లోకి వెళ్లేసరికి అత్తయ్యగారు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు. గిన్నెలో టీ పొడి మరుగుతోంది. పాలు పొయ్యలేదు. పక్కనున్న జాడీలో చెయ్యి పెట్టి చిటికెడు తీసి గ్లాసులో వేసుకున్నారు. అది ఉప్పు జాడీ అని ముందురోజే చూసుకున్నాను.

"అత్తయ్యగారండీ, అది ఉప్పండీ" అన్నాను గాభరాగా.

"ఉప్పే. మరేటనుకున్నావు? నాను గుడ్డిదాన్నేటి?" అని, ఆ నల్లటి నీళ్లని ఊదుకుంటూ నా ఎదురుగానే తాగేశారు. మాకు మాత్రం పాలు, పంచదార వేసి వేరే పెట్టారు. నేను మొహం ఎలా పెట్టానో తెలియదు కానీ, కొడుకు బూట్లు వేసుకుంటుంటే ఆవిడ వెళ్లి "నీ పెల్లాం జడుసుకుంది గావాల" అని పడీ పడీ నవ్వారు.

ఆ సాయంత్రం మా ఆయన చెప్పాడు. వాళ్లమ్మ అస్సాంలో టీ తోటలో పుట్టింది. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పంటలు పోయినప్పుడల్లా మేస్త్రీలు వచ్చి మనుషుల్ని రైలెక్కించి అస్సాం తోటలకి తీసుకుపోయేవారట. అలా వెళ్లినవాళ్లలో ఆవిడ అమ్మానాన్నలు కూడా ఉన్నారు. తోటలో ఆకు కోసేవాళ్లకి ఎండపూట ఉప్పు వేసిన టీయే ఇచ్చేవారు. పాలు పోసిన టీ ఆవిడ తిరిగొచ్చాకే చూశారు. పదేళ్లప్పుడు తల్లిదండ్రులతో సొంతూరికి వచ్చేశారు. తమ్ముడు ఇక్కడికి వచ్చాక పుట్టాడు. ఆ పిల్లాడికి నడక రాకముందే తండ్రి పోయారు. తల్లేమో తోట మాటెత్తితే లేచి అవతలికి వెళ్లిపోయే మనిషి. అంచేత అస్సాం అంతా ఒక్క అత్తయ్యగారి బుర్రలోనే మిగిలిపోయింది.

ఈ తమ్ముడు పోర్టులో పనిచేసేవారు. ఓడల మీద వించి తిప్పి సరుకు దింపే పని. మద్దిలపాలెం దగ్గర ఇల్లు. ఆదివారం వస్తే చాలు, స్కూటరుకి చేపల సంచీ తగిలించుకుని మా ఇంటికి వచ్చేసేవారు. మా ఆయనకి మేనమామ కాబట్టి నాకూ మావయ్యగారే. ఆయన గుమ్మంలోకి రాకముందే గొంతు వచ్చేది. మనిషి మంచివాడే, కానీ ఎవరినో ఒకరిని ఆట పట్టించకపోతే తిన్నది అరిగేది కాదు. మొదట్లో కొన్నాళ్లు నా 'అండీ' మీద పడ్డారు. "ఏటండీ కోడలండీ, సేపలండీ, కడగండీ" అని సాగదీస్తుంటే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, లోపల ఉడుక్కుంటూ. కొన్నాళ్లకి ఆయనకి నా మీద విసుగొచ్చింది. వాళ్ల అప్ప మీద, అంటే మా అత్తయ్యగారి మీద మాత్రం ఎప్పుడూ విసుగు రాలేదు.

ఆ ఆటకి ముడిసరుకు టీయే. భోజనాలయ్యాక టీ గ్లాసు చేతికి రాగానే ఆయన మొదలుపెట్టేవారు.

"అప్పా, టీ పుట్టింది సైనాలో. ఓడలో సైనావోలు నాకు సొయంగా సెప్పినారు."

వాళ్లకి తెలుగు రాదు, ఈయనకి వాళ్ల భాష రాదు. టీ పుట్టుపూర్వోత్తరాలు ఏ సైగలతో చెప్పుకున్నారో నాకిప్పటికీ అంతుబట్టదు. ఒకసారి ఏదో ఓడ వంటవాడు ఇచ్చాడని ఒక పొట్లం పచ్చాకు టీ కూడా తెచ్చారు. గ్లాసులో వేడినీళ్లు పోస్తే ఆకులు విచ్చుకుని పైకీ కిందికీ తేలాయి. అత్తయ్యగారు ఒక గుక్క తాగి, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి వచ్చారు. "గడ్డి నీల్లు. ఇదేటి టీయా? టీ మాది. దొరలు రాకముందే అడివిలో ఉన్నాది. ఎవుడూ తేలేదు, ఎవుడూ నాటలేదు" అన్నారు. నేను పక్కనే నా ఫిల్టరు కాఫీ పట్టుకుని కూర్చుని, ఏ దేశంలో పుడితేనేం, ఇంత రుచీ పచీ లేనిదాని కోసం ఇంత గొడవా అనుకునేదాన్ని.

చైనా దగ్గర ఆగితే బాగానే ఉండేది. మావయ్యగారు ఆగేవారు కాదు. చివరికి చెట్టు దగ్గరికి వచ్చేవారు.

తోటలో కూలీల ఇళ్ల వరసల వెనక అడివంచున ఒక టీ చెట్టుండేదని, అది కొబ్బరిచెట్టంత పొడుగని, విత్తనాల కోసం వాళ్ల నాన్న దాన్ని ఎక్కేవాడని, తను కింద బుట్ట పట్టుకుని నిలబడేదాన్నని అత్తయ్యగారు చెప్పేవారు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. టీ చెట్టంటే నడుం దాకా ఉండే పొద అని క్యాలెండరు బొమ్మల్లో అందరూ చూసినదే. పదేళ్ల పిల్ల పల్లెకి రాగానే మొదట చెప్పిన సంగతి అది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఏం చెప్పినా, ఏనుగు తోటలోకి వచ్చిందన్నా, నెలల తరబడి వాన పడిందన్నా, "అదిగో అస్సాం కోతలు మొదలైనాయి" అని నవ్వడమే. ఆ నవ్వుల మధ్యే పెరిగిన తమ్ముడికి అది ఇంటి పాటలాగా నోటికొచ్చేసింది.

"మా అప్ప తోటలో ఆకు కొయ్యాలంటే కొబ్బరికాయలు దింపీవోడిని పిలవాల" అనేవారు.

"నవ్వురా నవ్వు. నాన్న ఎక్కినాడు. నా కల్లతో నాను సూసినాను."

"నాన్న సెట్టెక్కినాడని నువ్వే సెప్తావు. ఇంకెవుల్నడగాలి?"

చైనా మీదైతే అత్తయ్యగారు ఎంత సేపైనా పోట్లాడేవారు. చెట్టు మాట వస్తే మాత్రం లేచి పెరట్లోకి వెళ్లి, అవసరం ఉన్నా లేకపోయినా మందార మొక్కకి నీళ్లు పోసేవారు. తమ్ముడు అది చూడలేదు. మా ఆయన కూడా చూడలేదు. నాకెందుకో కనబడింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు అడిగాను, "ఆయన ఏదో సరదాకి అంటారు కదండీ, మీరెందుకు అంత మనసులో పెట్టుకుంటారు?" అని.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "పదేల్ల గుంటని పట్టుకుని అబద్దాలకోరని పిలిసినారు. నాను ముసిలిదాన్నయిపోతన్నాను. ఆ గుంట ఇంకా అబద్దాలకోరే. నా తోడబుట్టినోడికి కూడాను."

అంతవరకూ నాకు అదొక ఆదివారం వేడుక. ఆవిడకి మాత్రం ఊళ్లో వాళ్లెవరూ అక్కర్లేదు, ఈ ఒక్క తమ్ముడు 'నువ్వు నిజం చెప్పావు' అంటే చాలు. ఆయన అంటే ప్రాణం. ఆయన తెచ్చిన చేపల్లో పెద్ద ముక్క తీసి ఆయన కంచంలోనే వేస్తారు. ఆ ఒక్క మాట మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నుంచి నేను మనసులో అత్తయ్యగారి పార్టీలో చేరిపోయాను, కాఫీ మాత్రం మానలేదు.

తొంభైలు అయిపోతున్న రోజుల్లో పైవాటాలోకి నేవీలో పనిచేసే ఒకతను, కొత్త పెళ్లికూతురూ అద్దెకి వచ్చారు. వాళ్లది అస్సాం. ఆ అమ్మాయికి తెలుగు ముక్క రాదు, హిందీ అంతంతమాత్రం. బజారుకి వెళ్తే వేళ్లు చూపించి కొనుక్కునేది. ఒకరోజు బట్టలు ఆరేయడానికి మేడ మెట్లెక్కిన అత్తయ్యగారు ఎంతకీ దిగిరాలేదు. ఏమైందోనని పైకి వెళ్లి చూస్తే, తడిబట్టల బకెట్టు అలాగే ఉంది. ఇద్దరూ పిట్టగోడ దగ్గర నిలబడి గలగలా మాట్లాడుకుంటున్నారు. తోటల్లో అన్ని ఊళ్ల కూలీలూ కలిసి మాట్లాడుకునే భాష ఒకటుంటుందట. ఆ అమ్మాయి ఊరు ఒక టీ తోట పక్కనే కావడంతో తనకీ అది వచ్చు. యాభై ఏళ్లుగా వాడని భాష ఆవిడ నోట్లో అలా తిరుగుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, అత్తయ్యగారి గొంతు సన్నబడిపోయి చిన్నపిల్ల గొంతులా ఉంది.

కిందికి దిగాక మొహం వెలిగిపోతోంది. "అమ్మీ, ఆ పిల్లకి తెలుసునటే. కొయ్యకుండా ఒగ్గేస్తే టీ సెట్టు మానైపోతాదట. గింజల కోసం అలగ ఒగ్గేసిన తోటలు ఇప్పటికీ ఉన్నాయట" అన్నారు.

ఆ ఆదివారమే మావయ్యగారికి చెప్పారు. ఆయన వింటారా? "ఇద్దరూ ఒక ఊరోలే. ఒకలికొకలు సాచ్చికం" అని కొట్టిపారేశారు. అత్తయ్యగారు ఈసారి మందార దగ్గరికి వెళ్లలేదు. "ఉండు, నీ కల్లతోనే సూద్దువు గాని" అన్నారు.

ఆ సంవత్సరం దసరాకి పుట్టింటికి వెళ్లిన పైవాటా అమ్మాయి కార్తీకంలో తిరిగొచ్చేటప్పుడు ఒక డబ్బాలో బొగ్గుపొడి తడిపి, అందులో టీ గింజలు పెట్టి తెచ్చింది. ఆరిపోతే మొలవవట. చూస్తే కుంకుడు గింజల్లా గుండ్రంగా ఉన్నాయి, రంగు కొంచెం గోధుమ. అత్తయ్యగారు వాటిని బకెట్టు నీళ్లలో వేసి, తేలినవాటిని పారేసి, మునిగినవాటిని నూనె డబ్బాల్లో ఎర్రమట్టి పోసి నాటారు. కొన్ని మొలవలేదు. మొలిచినవాటిలో కొన్ని ఎండకి మాడిపోయాయి. సముద్రపు గాలికీ, మా వీధి దుమ్ముకీ తట్టుకుని ఒకే ఒక్కటి నిలబడింది. దాన్ని మేడమెట్ల పక్కన, మధ్యాహ్నం నీడ పడేచోట నేలలో పెట్టారు. బియ్యం కడిగిన నీళ్లు దానికే. వడకట్టిన టీ పొడి దానికే. నా కాఫీ పొడి కూడా వెయ్యనా అని అడిగితే, దాన్ని ఆవిడ అవమానంగా తీసుకున్నారు.

మొక్క బతికిందని తెలిసి మావయ్యగారు నిజంగా సంబరపడ్డారు. ఆకు నలిపి వాసన చూసి, "అప్పా, ఇంక బజారు టీ పొడెందుకు? దీన్ని కోసి ఒక్క గ్లాసుడు పెట్టు" అన్నారు.

"ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేస్తాను. కొసని తుంచితే పొదైపోతాది. ఇది సెట్టవ్వాల."

"సెట్టయీసరికి నాను ఉండొద్దేటి?"

"ఉంటావు. ఉండి సూస్తావు. నీ నెత్తి మీదకెదిగిన్నాడు ఒప్పుకుందువు గాని."

అలా మా ఇంట్లో ఒక టీ మొక్క ఉండేది కానీ దాని టీ ఎవరూ తాగేవారు కాదు. వీధిలోవాళ్లంతా చూడ్డానికి వచ్చేవారు. పక్కింటావిడకి దాని చిగురు షుగరుకి మంచిదని ఎవరో చెప్పారు కాబోలు, మేం సింహాచలం వెళ్లిన రోజున గోడ మీంచి చెయ్యి చాపి కొస తుంచేసుకుంది. వచ్చి చూసి అత్తయ్యగారు చేసిన యాగీ ఇంతా అంతా కాదు. పక్కింటావిడకి ఎన్నో పండగలు మా ఇంటి పిండివంటలు అందలేదు. తుంచినచోట రెండు కొమ్మలు వస్తే ఒకదాన్ని పక్కకి వంచి కట్టి, రెండోదానికి కరెంటు పైపు ముక్క ఊతం పెట్టి నిటారుగా నిలబెట్టారు. పాపం ఆ మొక్కకి కూడా కొబ్బరిచెట్టవుదామని ఏ మూలా ఉన్నట్టు లేదు. ఎండాకాలంలో ఒక్క ఆకు వెయ్యడానికే మొహమాటపడేది.

నెలకోసారి నేను కాఫీ పొడి ఆడించుకోడానికి ద్వారకా నగర్ వెళ్లేదాన్ని. అప్పటికి అక్కడ కోచింగు సెంటర్ల పక్కనే ఇంటర్నెట్ సెంటర్లు వచ్చేశాయి. చెక్క అరల్లో పిల్లలు కూర్చుని టకటకా కొట్టేస్తుండేవారు. ఒకసారి పొడి ఆడేలోగా నేనూ వెళ్లి కూర్చున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కి, టీ మొక్క మొదట ఎక్కడ పుట్టిందని అడిగాను. కావలసింది దొరికింది. టీలో రెండు రకాలున్నాయి. చైనా మొక్కది చిన్నాకు, చలికి ఓర్చుకుంటుంది. అస్సాం మొక్కది పెద్దాకు. చైనాలో వేల ఏళ్లుగా తాగుతున్నారు. అస్సాంలో దొరలు రాకముందే అడవుల్లో టీ ఉంది, అక్కడి కొండజాతులవాళ్లు తాగేవారు. మరి మొదటిది ఏదంటే పండితులే కొట్టుకున్నారట. ఎక్కువమంది చెప్పేది, చైనా దక్షిణపు కొండలూ, బర్మా పైభాగమూ, అస్సామూ కలిసే ఆ చుట్టుపక్కల ఎక్కడో అది పుట్టి ఉంటుందని. ఇక ఆ కింద, కత్తిరించకుండా వదిలేస్తే అది పెద్ద మానవుతుందని కూడా ఉంది. నాకు అక్కడే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ప్రింటు తీయించుకుని కాఫీ పొడి సంచీలో పెట్టుకుని ఇల్లు చేరాను.

ఆదివారం భోజనాలయ్యాక కోర్టు తీర్పులా చదివి వినిపించాను. చెట్టు ముక్క చివర్న ఉంది కాబట్టి ముందు పుట్టుక సంగతి వచ్చింది. మావయ్యగారు "సైనా పేరు ముందున్నాదా నేదా?" అన్నారు. అత్తయ్యగారు "అడివిలో ముందే ఉందని సెప్పినాడా నేదా?" అన్నారు. మధ్యలో ఉన్న బర్మాని ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరూ గెలిచారు. నేను గొంతు సవరించుకుని చెట్టు ముక్క చదివాను.

మావయ్యగారు కాగితం తీసుకుని, కళ్లకి దూరంగా పెట్టి చూసి, తల ఊపారు. "సరే అప్పా. ఇందులో రాసున్నాది కదా. ఒప్పుకున్నాను. టీ మానవుతాది" అన్నారు.

అమ్మయ్య, అయిపోయింది అనుకుని నేను అత్తయ్యగారి వంక చూశాను. ఆవిడ మొహం అంత నల్లబడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"కాయితం సెప్తే ఒప్పుకున్నావు" అన్నారు. "నాను నీకు ఉగ్గు పెట్టినప్పట్నుంచి సెప్తన్నాను. నన్ను నమ్మలేదు. ఎవుడో ఊరూ పేరూ నేనోడు రాత్తే నమ్మినావు. నాకక్కర్నేదు నీ ఒప్పుకోలు."

మావయ్యగారు బిక్కమొహం వేశారు. నేనైతే ఆ కాగితాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక మడత పెట్టి నా పిడికిట్లోనే ఉంచుకున్నాను. అంత కష్టపడి తెచ్చి, చేసిన ఉపకారం అది. పైగా మావయ్యగారు, ఎలాగూ మాట పడ్డాం కదా అని, వెళ్తూ వెళ్తూ స్కూటరు మీంచే "మానవుతాది సరే, కొబ్బరిసెట్టంతని అందులో నేదు" అని ఒక రాయి వేసి పోయారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు అలాగే నడిచింది, నిజం చెప్పాలంటే హాయిగానే నడిచింది. నేవీ దంపతులు బదిలీ మీద వెళ్లిపోయారు. మా ఇంటికి కేబుల్ టీవీ, ఆ తర్వాత సెల్‌ఫోను వచ్చాయి. మావయ్యగారు పోర్టులో రిటైరయ్యారు. ఆదివారం రాగానే ఆయన మొదట చేసే పని ఆ మొక్క పక్కన నిలబడడం. ఒక కాలంలో అది ఆయన మోకాలికి, మరో కాలంలో నడుముకి. "ఇంకా నా బెల్టు కాడే ఉన్నాదప్పా" అని కేకేసేవారు. "నువ్వు ఒంగుతున్నావు, అది ఎదుగుతున్నాది. ఎక్కడో కాడ కలుస్తారు" అని లోపల్నుంచి జవాబు వచ్చేది. వెళ్లేటప్పుడు "ఒక్క గ్లాసుడు పెట్టవు కదా" అని ఆయన, "పెట్టను" అని ఆవిడ. ఈ మాటలు లేకుండా ఆయన స్కూటరు స్టార్టయ్యేది కాదు. నాకు ఆ ఆదివారాలంటే ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

మొక్క ఆయన భుజం దాకా వచ్చిన ఏడాది ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో స్టెంటు వేశారు. అత్తయ్యగారు రోజూ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్లి, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆయన పాదాలు ఒత్తి వచ్చేవారు. ఇంటికి పంపించాక కూడా కొన్ని వారాలు ఆయన మా ఇంటికి రాలేదు. ఆదివారం పూట అత్తయ్యగారు చేపలు వండడం మానేశారు.

తర్వాత ఒక ఆదివారం గుమ్మం ముందు ఆటో ఆగింది. మావయ్యగారు దిగారు. చిక్కిపోయారు, చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. గొంతు మాత్రం గుమ్మం దాటకముందే వచ్చింది. మెట్ల పక్కన కుర్చీ వేస్తే అక్కడే కూర్చున్నారు. ఈసారి మొక్క పక్కన నిలబడలేదు, లేచి నిలబడితే ఆయాసం వస్తోందన్నారు. పాలు, పంచదార, నూనె అన్నీ డాక్టరు తగ్గించమన్నాడని చెప్పుకుంటూ పోయి, చివరికి అలవాటు ప్రకారం అన్నారు, "ఇంక నాకు మిగిలింది నల్ల టీయే అప్పా. ఒక్క గ్లాసుడు పెట్టవు కదా."

అత్తయ్యగారు చెయ్యి తుడుచుకుని, నేరుగా మొక్క దగ్గరికి వెళ్లారు. కొసన లేత చిగురు మీద వేళ్లు పెట్టారు. రెండాకులు, ఒక మొగ్గ. చిన్నప్పుడు తోటలో నేర్చుకున్న పట్టు అది, వేళ్లు వాటంతట అవే పడ్డాయి. ఇన్నేళ్ల పంతం ఆ వేళ్ల మధ్య ఉంది.

మావయ్యగారు కుర్చీలోంచి ముందుకి వంగి ఆవిడ మణికట్టు పట్టుకున్నారు. "ఒగ్గేయప్పా. అదలగ ఎదగనీ."

"నువ్వే కదరా అడిగినావు."

"నాను అడుగుతాను, నువ్వు నేదంటావు. అది మన అలవాటు. దాన్ని తుంచీకు." కాస్త ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఆ సెట్టు కొబ్బరిసెట్టంత ఉండీది. నాన్న ఎక్కినాడు. నువ్వు కింద బుట్ట పట్టుకున్నావు. నాకు తెలుసు."

"నీకెలగ తెలుసురా? నువ్వు పుట్టనే నేదు. ఎవులు సెప్పినారు?"

"నువ్వే సెప్పినావు."

అత్తయ్యగారు ఆయన వంక అలాగే చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. నాకూ తిరిగాయి. తర్వాత ఆవిడ తమ్ముడి చేతిని నెమ్మదిగా విడిపించుకుని, టక్కున కొస తుంచేశారు. పక్క కొమ్మా తుంచారు. దాని పక్కదీ తుంచారు. కొంగులో వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే నాతో "అమ్మీ, ఆకు ఏపాల, పొయ్యి మీద పెనం పెట్టు, బేగి" అన్నారు.

"ఎంత పని సేసినావప్పా! సెట్టయీది కదా!" అని మావయ్యగారు లబోదిబోమన్నారు.

"ఇంకెందుకురా సెట్టు?" అన్నారు ఆవిడ. "ఈ మాట ఆనాడే అనుంటే, ఇన్నేల్లూ తోట టీ తాగీవోడివి కాదేటి, ఎర్రోడా!"